ఎదుటివారి వాక్యం మీద ఎర్రసిరా

పత్రికలకు రాయడం, రాసినదాన్ని దిద్దడం, పేజీలు కూర్చడం గురించి, కొత్తగా ఈ పనిలోకి వచ్చే విద్యార్థులకు పనికివచ్చే నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగారు. అదేమంత కష్టమని ఒప్పుకున్నాను. ఆరేళ్ళుగా మా కళాశాల విద్యార్థుల పత్రికకూ, మా జిల్లా మిత్రులం కలిసి తెస్తున్న ఒక చిన్న సాహిత్య పత్రికకూ దిద్దుబాటు పని చూస్తున్నాను. కాగితం కొలతలు, అక్షరాల సైజులు, ప్రూఫు గుర్తులు వివరిస్తే సరిపోతుందనుకున్నాను. తీరా రాయడానికి కూర్చున్నాక తెలిసింది, ఈ పనిలో నాకు తెలిసిన ప్రతి మెళకువ వెనుకా ఒక ధర్మసందేహం పొంచివున్నదని. అన్నిటికీ మూలమైన సందేహం ఒకటే: ఒకరు రాసిన వాక్యాన్ని మార్చే హక్కు మరొకరికి ఎక్కడినుంచి వస్తుంది? వస్తే ఎంతవరకు వస్తుంది?

ఇది పండిత గోష్ఠుల్లో తేలే ప్రశ్న కాదు. నా ముందు దీన్ని పెట్టింది ఒక విద్యార్థిని.

మూడేళ్ళ కిందటి సంగతి. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న అమ్మాయి కళాశాల పత్రికకు నాలుగు కాగితాల రచన ఇచ్చింది. వాళ్ళ అమ్మ బీడీ కార్మికురాలు. తునికాకు తడపడం, కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం, వెయ్యి బీడీలు పూర్తయ్యేసరికి పొద్దు ఎక్కడినుంచి ఎక్కడికి వాలుతుందో, అన్నీ ఆ పిల్ల చూసినవి చూసినట్టు రాసింది. రచనకు ఆయువుపట్టు ఒక సాయంత్రం. తల్లి కట్టలు తీసుకొని కార్ఖానాకు పోతుంది. "సేటు మా అమ్మ బీడీలు పారేసిండు" అని ఒక్క వాక్యం. తరువాత ఆ తల్లి ఇంటికి వచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా మళ్ళీ చాట ముందు పెట్టుకొని కూర్చుంటుంది. రచన అక్కడితో ఆగిపోతుంది.

నేను ఎర్రసిరా కలం తీశాను. (అందరూ తెరమీదనే దిద్దుతున్న ఈ రోజుల్లో కూడా నాకు కాగితం మీద దిద్దితేనే తృప్తి. ఇదొక ఉపాధ్యాయ వ్యసనం.) మొత్తం నలభైకి పైగా దిద్దుబాట్లు చేశాను. "పారేసిండు" అన్న మాట నాకు పత్రికలో వేయదగినదిగా తోచలేదు. "నాణ్యత లేదన్న కారణంతో కొన్ని బీడీలు తిరస్కరించబడేవి" అని మార్చాను. ముగింపు చప్పగా వున్నదనిపించి, తల్లి కళ్ళలో రేపటి ఉదయం మీద ఆశ మెరిసిందని ఒక వాక్యం నేనే చేర్చాను. చమత్కారం ఏమిటంటే నేనూ ఆ జిల్లాలో పుట్టినవాణ్ణే. ఇంట్లో నా నోట వచ్చేది కూడా "పారేసిండు" అనే మాటే.

పత్రిక అచ్చయింది. వారం తరువాత ఆ అమ్మాయి స్టాఫు రూముకు వచ్చింది. కోపంగా లేదు. పత్రిక తెరిచి వేలు పెట్టి చూపింది.

"సార్, బీడీలు ఎవరు పారేసిండ్రో ఇండ్ల లేదు."

భాష సరిచేయడానికి మార్చానమ్మా అన్నాను. కాసేపు ఊరుకొని అన్నది: "మా అమ్మకు చదివి వినిపిచ్చిన సార్. అంత విని, ఇది ఎవల ముచ్చట బిడ్డా అని అడిగింది."

నా చదువులో ఇంతకంటె కఠినమైన సమీక్ష నేను ఎన్నడూ చదవలేదు.

ఆ రాత్రి మూలాన్నీ అచ్చుప్రతినీ పక్కపక్కన పెట్టుకొని చూశాను. భాషను సరిచేశానన్న నా మాట శుద్ధ అబద్ధం. ఆమె వాక్యంలో కర్త వున్నాడు, కర్మ వున్నది, క్రియ వున్నది. నా వాక్యంలో కర్త మాయమైపోయాడు. తెలుగువాళ్ళు మాట్లాడేటప్పుడు "బడు" చేర్చిన కర్మణి ప్రయోగాన్ని సాధారణంగా వాడరు. అది సర్కారు ఉత్తర్వులలోనుంచి, ఇంగ్లీషు వార్తల అనువాదాలలోనుంచి మన వచనంలోకి దిగింది. కాల్పులు జరపబడ్డాయి, భూములు సేకరించబడ్డాయి, కార్మికులు తొలగించబడ్డారు. జరిపినవాడు, సేకరించినవాడు, తొలగించినవాడు వాక్యంలో ఎక్కడా కనిపించడు. అటువంటి వాక్యాలను సభల్లో ఎండగట్టే నేను, ఒక కార్మికురాలి కూతురు రాసిన నిండు వాక్యంలోనుంచి యజమానిని నా చేతులతోనే తప్పించి పంపాను. బీడీలు తీసివేయడం ఎవరూ చేయకుండా జరిగిపోయే ప్రకృతి ధర్మం కాదు. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం తీసివేసిన బీడీల మీద వచ్చే తగాదాను తీర్చడానికి 39వ సెక్షన్‌లో ఏర్పాటు చేసింది. అంటే ఇందులో రెండు పక్షాలున్నాయని చట్టానికి కూడా తెలుసు. తెలియనిది నా ఎర్రసిరాకే.

మాండలికమా, ప్రామాణిక భాషా అన్న పాత తగాదాలోకి నేను పోదలచుకోలేదు. గిడుగు రామమూర్తి 1919లో "తెలుగు" అనే పత్రికే పెట్టి జనం నోటిమాట తప్పు కాదని వాదించాడు. ఆయన గెలిచాడని మనం పాఠాలు చెబుతున్నాం. గెలిచిన వ్యవహారికం తనవంతుకు మరొక గ్రాంథికంగా తయారయిందని మాత్రం చెప్పడం లేదు. అయితే నా తప్పు యాసను తీసివేయడంతో ఆగలేదు. "సేటు మా అమ్మ బీడీలు పారేశాడు" అని మార్చివుంటే కొంత రుచి పోయేది, నిజం నిలిచేది. నేను నిజాన్నే తీసివేశాను. ఈ రెంటికీ తేడా పట్టుకోవడమే దిద్దుబాటు పనిలో మొదటి పాఠమని ఇప్పుడనుకుంటున్నాను.

ఇక చివర చేర్చిన ఆశ సంగతి. మన పత్రికల్లో ఇది పాత జబ్బు. కథ ఎంత చీకటిలో నడిచినా చివరి పేరాలో తూర్పు ఎర్రబారవలసిందే. రచయిత అలా రాయకపోతే సంపాదకుడు రాస్తాడు. సంపాదకుడు మరచిపోతే బొమ్మ వేసేవాడు మూలన ఒక సూర్యుణ్ణి ఉదయింపజేస్తాడు. ఆశ మీద నాకు విరోధమేమీ లేదు. చరిత్ర గతిని నమ్మేవాళ్ళం ఆశ లేకుండా ఎలా వుండగలం? కాని ఆ నమ్మకం మనకు చదువువల్ల, ఉద్యమాలవల్ల, ఓటములను లెక్కపెట్టుకోవడంవల్ల వచ్చింది. దాన్ని తెచ్చి, ఆ సాయంత్రం ఏమీ అనకుండా చాట ముందు కూర్చున్న మనిషి కళ్ళలో పెట్టడం న్యాయమా? ఆమె ఏమీ అనలేదన్నదే అక్కడి వాస్తవం. ఆ మౌనం అలసట కావచ్చు, కసి కావచ్చు, రేపటి కూలి లెక్క కావచ్చు. చదువరి దానిముందు నిలబడి ఆలోచించవలసిన చోట నేను తొందరపడి జవాబు అందించాను. ఆశ చెప్పుకోవాలంటే సంపాదకీయం వున్నది. అక్కడ నా పేరుతో నేను రాసుకోవచ్చు.

దీనికన్న సిగ్గుపడవలసిన విషయం మరొకటి చెప్పాలి. అదే సంచికలో ఒక పెద్దమనిషి వ్యాసం వేశాము. ఆయన రిటైరయిన ఆచార్యులు. ఒక్కొక్క వాక్యం ఏడెనిమిది పంక్తులు నడుస్తుంది. మొదట్లో చెప్పినదానికి చివర చెప్పినదానికి పొంతన కుదరదు. ఒక గ్రంథం వెలువడిన సంవత్సరం కూడా తప్పు పడింది. అందులో నేను చేసిన దిద్దుబాట్లు మూడు. మూడూ అక్షరదోషాలు. సంవత్సరం తప్పని తెలిసికూడా అడగడానికి నోరు రాలేదు. పైగా ఆ వ్యాసం అనుకున్నదానికంటె రెండు పేజీలు పెరిగింది. పత్రిక అచ్చు ఫారాల లెక్కన సాగుతుంది. ఫారానికి పదహారు పేజీలు. రెండు పేజీల కోసం మరొక ఫారం ఎత్తుకోవడానికి డబ్బు లేదు. ఆ రెండు పేజీలు ఎవరో ఒకరు వదులుకోవాలి. ఎవరు వదులుకొని వుంటారో చదువరులకు చెప్పనక్కరలేదు. బీడీల అమ్మాయి రచనలో ఒకటి, పశువుల సంత మీద మరొక కుర్రవాడు రాసిన దాంట్లో ఒకటి పోయాయి.

ఎర్రసిరా కూడా నీళ్ళవలెనే పల్లానికి పారుతుందన్నమాట. గట్టున వున్నవారిని తడపదు. మనం సాహిత్యంలో వర్గదృష్టి గురించి మాట్లాడతాము. ఒక సంచికకు వచ్చిన రాతప్రతులన్నీ ముందు వేసుకొని, ఏ పేరు మీద ఎన్ని గీతలు పడ్డాయో ఎవరైనా లెక్కపెడితే ఆ పత్రిక వర్గదృష్టి ఏమిటో పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఈ మాటలు నా సహోద్యోగి ఒకాయనతో అంటే ఆయన ఒప్పుకోలేదు. "అయితే వచ్చింది వచ్చినట్టు అచ్చువేస్తావా? సంపాదకుడంటే పోస్టుమాన్ అనుకున్నావా?" అన్నాడు. ఆయన వాదం తేలికగా తోసివేయదగినది కాదు. హిందీలో మహావీర్ ప్రసాద్ ద్వివేది 1903 నుంచి 1920 దాకా "సరస్వతి" పత్రికను నడిపిన తీరు చూడండి. వచ్చిన రచనలను ఆయన నిర్దాక్షిణ్యంగా దిద్దేవాడు, తిరగరాసేవాడు. ఆయన దిద్దిన ఆ రాతప్రతులు కాశీలోని నాగరీ ప్రచారిణీ సభకు చేరాయి. ఆధునిక హిందీ వచనానికి ఒక నిలకడ రావడానికి ఆ దిద్దుబాట్లు కారణమయ్యాయని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. మరొకవైపు గోర్కీ వున్నాడు. స్వయంకృషితో కలం పట్టిన రచయితల గురించి 1911లో ఆయన ఒక వ్యాసం రాశాడు. అంతకు ముందరి కొద్ది సంవత్సరాల్లో తనకు చేరిన నాలుగు వందలకు పైగా రాతప్రతులను చదివి రాసిన వ్యాసమది. అంత పెద్ద రచయిత, పేరూ ఊరూ లేనివారి కాగితాలను అన్నిటినీ చదవడానికి కూర్చున్నాడంటేనే, వాటిని ఉన్నవున్నట్టు మెచ్చుకొని వదిలేయడానికి మాత్రం కాదు గదా.

కాబట్టి "యథాతథం" అన్నది కూడా నిర్దోషమైన మార్గం కాదు. శ్రామికుల రచనలను తప్పులతోసహా అచ్చువేసి, చూడండి ఎంత సహజంగా వున్నాయో అని మురిసిపోయే పత్రికలు నేను ఎరుగుదును. అది గౌరవం కాదు, ప్రదర్శన. ఆచార్యులవారి అక్షరదోషాన్ని దిద్ది, కూలివాని అక్షరదోషాన్ని అలంకారంగా వుంచడం ఏ సమానత్వం? దిద్దించుకునే హక్కు ఆయనకెంతో ఇతనికీ అంతే.

చిక్కు ఎక్కడ వున్నది? సంపాదకుని పని వాక్యాన్ని అందంగా చేయడం అనుకోవడంలో వున్నదని నా అభిప్రాయం. ఈ విషయంలో నాకు దారి చూపినది 1843 జనవరిలో కొలోన్ నగరంలోని "రైనిషె త్సైటుంగ్" పత్రికలో వచ్చిన ఒక వ్యాసపరంపర. అప్పుడా పత్రిక సంపాదకుడు కార్ల్ మార్క్స్. వయసు ఇరవై నాలుగు. మోసెల్ నది లోయలో ద్రాక్షతోటల రైతుల దైన్యాన్ని గురించి ఒక విలేఖరి పేరు లేకుండా రాసిన లేఖలను ఆ పత్రిక ప్రచురించింది. రైన్ రాష్ట్రపు అధిపతి మండిపడి, ఆధారాలు చూపమని సవాలు చేశాడు. ఆ విలేఖరి సమాధానం ఇచ్చుకోలేకపోయాడు. ఇటువంటప్పుడు సంపాదకులు సాధారణంగా చేసేదేమిటో మనకు తెలుసు: చిన్న అక్షరాలతో ఒక విచార ప్రకటన. మార్క్స్ ఆ పని చేయలేదు. తానే నివేదికలూ లెక్కలూ సేకరించి, విలేఖరి చెప్పినది నిజమని నిరూపించడానికి పూనుకున్నాడు. విలేఖరి భాష మొరటుగా వున్నదన్న ఆక్షేపణకు ఆయన ఇచ్చిన సమాధానం ప్రతి సంపాదకుడూ చదవవలసినది. చుట్టూ వున్న జనం దైన్యాన్ని రోజూ చెవులారా వినేవాడికి నాజూకుగా మాట్లాడే నేర్పు నిలవదనీ, ఆ జనం మాటలోనే మాట్లాడడం తన రాజకీయ కర్తవ్యమని కూడా అతను అనుకోవచ్చుననీ దాని తాత్పర్యం. ఆ పరంపర పూర్తికాకుండానే సెన్సారు అడ్డం వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి పత్రికే మూతపడింది.

సంపాదకుని శ్రమ ఎటు ఖర్చయిందో గమనించండి. విలేఖరి వాక్యాన్ని నునుపు చేయడం మీద కాదు, దానికి ఆధారం నిలబెట్టడం మీద. నేను చేసినది సరిగ్గా దీనికి తలకిందులు. ఆ సేటు తీసివేసిన బీడీలకు కూలి కట్టాడా లేదా, ఆ బీడీలు తిరిగి ఇచ్చాడా, తనే వుంచుకున్నాడా అని నేను ఆ అమ్మాయిని అడగలేదు. అడిగివుంటే రచనకు నాలుగు విలువైన వాక్యాలు ఆమె చేతితోనే చేరివుండేవి.

చట్టం సంగతి కూడా ఒకమాట. పత్రిక మీద సంపాదకుని పేరు వేయాలన్న నిబంధన ప్రభుత్వానికి జవాబుదారీ కోసం పుట్టింది. రచయితకు జవాబుదారీ గురించి 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షన్ కొంత పట్టించుకున్నది. తన గౌరవానికి భంగం కలిగేటట్టు రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకు ఇచ్చింది. కాని డిగ్రీ చదివే పిల్ల తన అధ్యాపకుని మీద కోర్టుకు పోతుందా? ఇంటర్నల్ మార్కులు వేసేది ఆ చెయ్యే గదా.

మిత్రులు అడిగిన ఆచరణ విషయాలకు వస్తాను. ఆ సంచిక తరువాత మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాము. దిద్దిన ప్రతిని రచయితకు చూపకుండా అచ్చుకు పంపము. ఇదివరకు గాలీ ప్రూఫులు పట్టుకొని ప్రెస్సు చుట్టూ తిరగవలసి వచ్చేది. ఇప్పుడు ఫోనులో పంపితే చాలు, సాకు చెప్పడానికి వీలులేదు. తీసివేయడానికి మాకు చొరవ వున్నది, అదీ అడిగి. చేర్చడానికి మటుకు ఒక్క మాటకైనా లేదు. ఏదైనా లోపించినట్టు తోస్తే మార్జినులో ప్రశ్న రాస్తాము, జవాబు రాయము. "ఇక్కడ ఎవరు?", "ఎంత కూలి?", "ఇది మీరు చూశారా, విన్నారా?" ఇటువంటివి. పెద్దపేరున్నవారి వ్యాసాన్ని ఇద్దరం దిద్దుతాము, ఒకరికి మొగమాటం వచ్చినా రెండవవారికి రాకుండా. ఇందువల్ల ఇద్దరు పెద్దలు మాకు రాయడం మానుకున్నారు. వేయలేని రచనకు కారణం చెప్పి తిప్పిపంపుతాము. ఈ చివరిది చెప్పినంత సులభం కాదు. కవితలు తిప్పిపంపిన ఒకాయన రెండేళ్ళుగా నన్ను పలకరించడం లేదు.

పేజీల కూర్పు విషయంలో కూడా సౌందర్యం పేరిట చాలా అన్యాయం జరుగుతుంది. తెలుగు లిపికి కింద వత్తులు, పైన గుడులు, ఏత్వాలు. ఇంగ్లీషుకు సరిపోయే పంక్తుల దూరం దీనికి చాలదు. పేజీలో మరి నాలుగు పంక్తులు ఇమిడించాలని ఆ దూరాన్ని తగ్గిస్తే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తగులుతుంది. అటువంటి పేజీని రాత్రి చిన్న బల్బు కింద, పాత కళ్ళజోడుతో చదివేవారు ఎవరు? పేజీని కూర్చినవారు ఆ మనిషిని తలచుకొన్నారా? మన మాటలు పొడుగు గనుక పేజీని మూడు సన్నని కాలములుగా చీల్చి రెండంచులూ సమంగా లాగితే మాటల మధ్య బొరియలు పడతాయి. పాత పుస్తకాల్లో పంక్తి చివర ఏ అక్షరం దగ్గరనైనా మాటను విరిచి, గీతకూడా పెట్టకుండా కింది పంక్తిలో కొనసాగించేవారు. చదువరులు ఇబ్బంది పడలేదు. నల్లని గడిలో తెల్లని అక్షరాలు, బొమ్మ మీద అక్షరాలు చౌకరకం కాగితం మీద అలుక్కుపోతాయి. అలా అలుక్కుపోయేవి తరచుగా కొత్తవారి కవితలే అవుతాయి, ఎందుకంటే పెద్దవారి వ్యాసం మీద బొమ్మ వేసే ధైర్యం ఎవరికీ వుండదు. సీసపు అక్షరాలతోపాటు ముద్రారాక్షసాలు కూడా పోయాయనుకోవడం పొరపాటు. యూనికోడ్‌లో వచ్చిన రచనను పేజీ కూర్పు కోసం పాత ఫాంటులోకి మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. మార్చిన తరువాత మరొకసారి మొదటినుంచి చివరిదాకా చదవడం తప్ప దీనికి మందులేదు.

బొమ్మ విషయం ఒకటి మిగిలింది. ఆ అమ్మాయి రచన పక్కన బీడీలు చుడుతున్న ఒక స్త్రీ ఫోటో వేశాము. పేజీ కూర్చిన కుర్రవాడు ఎక్కడినుంచో దింపినది. ఆ స్త్రీ ఎవరో, ఏ ఊరో, ఆమెను అడిగి తీశారో లేదో మాకెవరికీ తెలియదు. చదివినవారందరూ ఆమే ఆ తల్లి అనుకున్నారు. ఒక తల్లి మాటను మార్చినవాళ్ళం, మరొక తల్లి ముఖాన్ని దానికి అతికించాము. అప్పటినుంచి పేరు తెలియని ముఖం మా పేజీల్లో వేయడం లేదు. దానివల్ల పత్రిక కొంచెం బోసిగా వుంటున్నమాట నిజమే.

తరువాతి సంచికలో ఆ రచనను మూలంలో వున్నట్టు, మేము మింగిన పేజీతోసహా, ఆమె స్వయంగా సరిచూసుకున్న తరువాత మళ్ళీ వేశాము. ఆమె కొన్ని అక్షరదోషాలు దిద్దుకొన్నది, ఒక పేరా తానే కొట్టివేసింది. "పారేసిండు" అలాగే వున్నది. మూడవ సంవత్సరంలో విద్యార్థుల సంపాదక సంఘంలోకి వచ్చింది. ఆ ఏడు సంపాదకీయం ప్రూఫు ఆమె చేతికే ఇచ్చాను. "అనివార్య కారణాలవల్ల ఈ సంచిక ప్రచురణలో జాప్యం జరిగినందుకు చింతిస్తున్నాము" అని నేను రాసిన వాక్యం చుట్టూ పెన్సిలుతో సున్న చుట్టి మార్జినులో రెండు మాటలు రాసింది: "ఎవరు చేసిండ్రు?"

పరీక్ష పేపర్లు దిద్దే పనిలో పడి ఆరు వారాలు ప్రూఫులు నా బల్లసొరుగులో పెట్టుకున్నది నేనే. ఆ మాటే రాసి అచ్చుకు పంపాము.